నాన్న పాత కంప్యూటర్‌లో విండోస్ 98 మళ్ళీ ఎక్కించాలి, షాపతను ఫార్మాట్ కొట్టేద్దామంటున్నాడు

శుభలేఖ_చెన్నై
శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్తే. ఇక్కడ ఏళ్ళుగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి.

మాది చెన్నై, పురసవాక్కం. నాన్న 2000 నుంచి 2012 దాకా ఇంటి ముందు గదిలోనే డీటీపీ షాపు నడిపారు. తెలుగు పెళ్ళికార్డులు, గృహప్రవేశం కార్డులు, అన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్‌లో. ఆయనకో అలవాటుండేది. ఎవరి శుభలేఖ వచ్చినా వధూవరుల పేర్లు కలిసొచ్చేలా ఒక పద్యం తానే కట్టి కార్డు లోపలి మడతలో వేసేవారు. దానికి డబ్బులు తీసుకునేవారు కాదు. ఒక్కోసారి పెళ్ళివాళ్ళు వద్దన్నా వేసేవారు, అది వేరే గొడవ.

ఇప్పుడాయనకి 76. మొన్నొక పెళ్ళిలో ఎవరో పలకరించి, "మా కార్డులో మీరు రాసిన పద్యం మా ఆవిడకి ఇప్పటికీ నోటికొచ్చండీ" అన్నారట. అప్పట్నుంచి ఆ పద్యాలన్నీ ఒకచోట చేర్చాలని పట్టుబట్టారు. కాగితం మీద ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ అటక మీది డెస్క్‌టాప్‌లోనే.

దించాను. పెంటియం 3, 500 మెగాహెర్ట్జ్, 128 ఎంబీ ర్యామ్, 10 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 98 సెకండ్ ఎడిషన్. ఆన్ చేస్తే ముందు "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్" అంది. ఎఫ్1 కొడితే మబ్బుల బొమ్మ వచ్చింది, ఆ వెంటనే నల్ల తెర మీద "విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్". మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. మధ్యమధ్యలో డిస్క్ టక్ టక్ మంటోంది.

వీధి చివరి రిపేరు షాపతను చూసి, "ఫార్మాట్ కొట్టి కొత్తగా వేసేద్దాం సార్, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. విండోస్ సీడీ ఉంది, కవరు మీద కీ కూడా నాన్న చేతిరాతతో ఉంది. ఇచ్చేయనా? టెన్షన్‌గా ఉంది.

కుర్రడిస్క్
శనివారం, ఉదయం 10:20

బ్రో, ఆ కంప్యూటర్ నాకంటే పెద్దది. దానికి దండం పెట్టి ఏదైనా తేలికపాటి లైనక్స్ వేసేయండి, అయిపోతుంది.

టక్స్_బెంగళూరు
శనివారం, ఉదయం 10:31

ముందు ప్లగ్గు పీకేయండి. నిజంగానే అంటున్నా, చదవడం ఆపి పీకేసి రండి.

పీకారా? సరే. టక్ టక్ మనే డిస్కుని ఆన్ చేసిన ప్రతిసారీ దాని ఆయుష్షు కాస్త తగ్గుతుంది. మీరు మూడుసార్లు చేశారు, చాలు. ఫార్మాట్ అన్న షాపుకి మాత్రం ఇవ్వకండి. పాపం అతను చెడ్డవాడై కాదు. అతని లెక్కలో కంప్యూటర్ ఆన్ అయితే పని అయినట్టే. ఆ డిస్క్ మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయకూడదన్నది మీ లెక్క.

వరస ఇలా పెట్టుకోండి. మొదట డిస్కు మొత్తానికి నకలు. తర్వాత ఏ ప్రయోగమైనా ఆ నకలు మీదే. అసలు డిస్కుని కవర్లో చుట్టి బీరువాలో పెట్టేయాలి.

నకలుకి కావలసింది ఐడీఈ (మీ పాత డిస్కుకుండే వెడల్పాటి కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్. విడిగా కరెంటు అడాప్టర్‌తో వచ్చేదే కొనండి, 3.5 అంగుళాల డిస్కుకి 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 మాత్రమే. డిస్కు వెనక పిన్నుల మీద తొడిగే చిన్న ముక్క, జంపర్, "మాస్టర్" దగ్గర ఉండాలి. విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే "ఈ డిస్కుని ఫార్మాట్ చేయాలా" అని అడిగే ప్రమాదముంది, కాబట్టి పెన్‌డ్రైవ్ మీద లైనక్స్ బూట్ చేసి, అందులో డీడీరెస్క్యూ అనే, పాడవుతున్న డిస్కుకి నకలు తీసే ప్రోగ్రామ్ వాడండి.

శుభలేఖ_చెన్నై
శనివారం, ఉదయం 10:44

పీకేశానండీ. మామూలుగా ఫైళ్ళు కాపీ పేస్ట్ చేస్తే సరిపోదా?

టక్స్_బెంగళూరు
శనివారం, ఉదయం 11:02

సరిపోదు. మామూలు కాపీ ఒక చెడ్డ సెక్టార్ దగ్గర ఇరుక్కుంటే అక్కడే గింజుకుంటూ ఉంటుంది, ఆలోగా డిస్కు చచ్చిపోవచ్చు. డీడీరెస్క్యూ ముందు సులువుగా వచ్చేదంతా లాగేస్తుంది, మొరాయించే చోట్లను వదిలేసి ముందుకెళ్ళి చివర్లో వెనక్కొస్తుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అని మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలెట్టొచ్చు. అందుకే మ్యాప్‌ఫైల్ పేరు ఇవ్వకుండా ఆ కమాండ్ నడపొద్దు.

ఇంకొకటి. కమాండ్‌లో మొదట రాసేది పాత డిస్కు, రెండోది నకలు. తారుమారైతే మీ నాన్నగారి పద్యాల మీద ఖాళీ డిస్కు ఎక్కుతుంది. సైజు చూసి, రెండుసార్లు చదువుకుని అప్పుడు ఎంటర్ కొట్టండి. నేను ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఒకసారి తారుమారు చేశాను. ఎవరి డిస్కో చెప్పను.

పేజ్‌మేకర్_పంతులు
శనివారం, మధ్యాహ్నం 12:15

విజయవాడ గవర్నర్‌పేటలో పద్దెనిమిదేళ్ళు డీటీపీ చేసి, ఇప్పుడు పిల్లల దగ్గర బెంగళూరులో ఉంటున్నాను. పైన చెప్పినదంతా నిజమే గానీ ఒక్క సంగతి ఎవరూ అడగలేదు.

బాబూ, సీపీయూ వెనక ప్రింటర్ పోర్టుకి తగిలించి అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా ఏదైనా ఉండేదా? దాని వెనక మళ్ళీ ప్రింటర్ కేబుల్ పెట్టుకునేలా ఉంటుంది. ఉంటే అది ఎక్కడుంది?

శుభలేఖ_చెన్నై
శనివారం, మధ్యాహ్నం 12:40

అయ్యో. ఉండేదండీ. అటక ఎక్కించేటప్పుడు నేనే పీకాను, అడ్డమొస్తోందని. ఏదో కన్వర్టర్ అనుకున్నా. ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

పేజ్‌మేకర్_పంతులు
శనివారం, మధ్యాహ్నం 1:05

వెతకండి. అది లాక్. మేం డాంగిల్ అనేవాళ్ళం. అప్పట్లో తెలుగు డీటీపీ ప్యాకేజీల్లో కొన్ని ఆ డబ్బా పోర్టులో లేకపోతే తెరుచుకునేవే కావు.

విండోస్ 98కి యూనికోడ్ తెలుగు, అంటే ఇప్పుడు ఫోన్లలో వాడే తెలుగు, రాదు. తెరమీద తెలుగు కనిపిస్తున్నా, ఫైల్ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే. తలకట్టుకో కోడు, దీర్ఘానికో కోడు, ఒత్తుకో కోడు. ఆ ఫాంట్ ఉంటే అది "శుభలేఖ", లేకపోతే పిచ్చి గీతలు. ఫైళ్ళొక్కటే బయటికి తీసి కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఏమీ చదవలేరు. ఫాంట్లూ కావాలి, ఆ కీబోర్డ్ సాఫ్ట్‌వేరూ కావాలి, పేజ్‌మేకరూ కావాలి. ఆ మూడూ కలిసి కాపురం చేస్తున్నది ఆ పాత విండోస్‌లోనే. అందుకే మీకు ఆ కంప్యూటర్ బతకాలి.

కుర్రడిస్క్
శనివారం, మధ్యాహ్నం 1:11

లిబ్రేఆఫీస్ పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుస్తుంది కదా సార్? 4.4 వెర్షన్ నుంచీ ఉంది.

పేజ్‌మేకర్_పంతులు
శనివారం, మధ్యాహ్నం 1:30

తెరుస్తుంది నాయనా, నేనూ చూశాను. పేజ్‌మేకర్ తర్వాత అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 వెర్షన్ దాకా తెరిచేది, ఆ తర్వాత మానేసింది. తెరిచాక వచ్చే చిక్కు చెప్తాను. మా తరం వాళ్ళం కార్డులో ఒక ఒత్తు కాస్త పక్కకి జరిగితే దాన్ని చేత్తో లాక్కొచ్చి కూర్చోబెట్టేవాళ్ళం. అలా కూర్చోబెట్టినవన్నీ చెదిరిపోతాయి. పైగా చాలా షాపుల్లో వాడినవి టైప్ 1 అనే పాత రకం ఫాంట్లు. అడోబీ వాళ్ళే 2023 జనవరితో వాటికి మద్దతు ఆపేశారు. అది ఆఖరి దారిగా ఉంచుకోండి, మొదటిదిగా కాదు.

రిచీస్ట్రీట్_పాతకాపు
శనివారం, సాయంత్రం 4:50

తమ్ముడూ, మాది నెల్లూరు, రిచీ స్ట్రీట్‌లో ముప్ఫై ఏళ్ళుగా బోర్డులు చూస్తున్నా. మౌంట్ రోడ్డు పక్కనే గదా, నీకు దగ్గరే. ఐడీఈ అడాప్టర్ దొరుకుద్ది. అట్నే ఒక కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు (పాత కెమెరాల్లో వాడే మెమరీ కార్డు), దాన్ని 40 పిన్నుల ఐడీఈకి మార్చే చిన్న బోర్డు తీసుకో. హార్డ్ డిస్కు బదులు అదే పెట్టుకోవచ్చు, సౌండ్ ఉండదు, వేడి ఉండదు. కార్డు 16 జీబీ చాలు. ఆ కాలం బోర్డుల్లో కొన్ని 32 జీబీ దాటిన డిస్కు కనిపిస్తే బూట్ దగ్గరే బిగుసుకుపోతాయి. ఎక్కువ సైజుకి ఆశపడి నెత్తి నొప్పి తెచ్చుకోబాక.

నకిలీ కార్డులు తిరుగుతుంటాయి, తెలిసిన షాపులోనే కొనుక్కో.

ఆన్ చేసే ముందు బోర్డు మీద కెపాసిటర్లు చూశావా?

శుభలేఖ_చెన్నై
ఆదివారం, ఉదయం 11:25

నిన్న సాయంత్రమే వెళ్ళి అడాప్టరూ, కార్డూ తెచ్చాను. ఇవాళ మూత విప్పాను. లోపల వేలెడు మందం దుమ్ము, రెండు బల్లి గుడ్ల పెంకులు. ప్రాసెసర్ వీడియోగేమ్ క్యాసెట్ లాగా నిలబడి ఉంది, మా అమ్మాయి అది ఊడదీసి ఆడుకోవచ్చా అని అడుగుతోంది.

ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్లలో మూడింటి తల ఉబ్బింది. ఒకదాని మీద గోధుమరంగు పొక్కు. మిగతావి చదునుగానే ఉన్నాయి.

వోల్టేజ్_వైజాగ్
ఆదివారం, మధ్యాహ్నం 12:03

ఈ దారంలో నాకు పని ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా. (వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను, పేరులోనే వైజాగ్.)

ఉబ్బినవన్నీ మార్చాలి. 1999 తర్వాత కొన్నేళ్ళ పాటు వచ్చిన బోర్డుల్లో ఇది మామూలు జబ్బే, లోపలి ఎలక్ట్రోలైట్ నాసిరకం కావడంతో గ్యాస్ పుట్టి తల ఉబ్బుతుంది. ప్రాసెసర్‌కి వెళ్ళే కరెంటుని నునుపుగా ఉంచడం వాటి పని. అవి పోతే కంప్యూటర్ ఎక్కడ పడితే అక్కడ ఆగిపోతుంది, మనం విండోస్‌ని తిట్టుకుంటాం. ఈ స్థితిలో విండోస్ ఎక్కిస్తే సగంలో బిగుసుకుపోతుంది.

మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజ్ అదే లేదా ఎక్కువ, 105 డిగ్రీలది, లో ఈఎస్ఆర్ అని అడిగి మరీ తీసుకోండి. ఫ్యాన్ రెగ్యులేటర్లో వేసేది ఇస్తే వెనక్కిచ్చేయండి. విప్పే ముందు చారగీత ఏ వైపుందో ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే పేలుతుంది. పవర్ సప్లై డబ్బా మాత్రం మీరు విప్పొద్దు, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది.

బ్యాటరీ కూడా మార్చండి. సీఆర్2032, వాచీ షాపులో దొరుకుతుంది. చెక్‌సమ్ ఎర్రర్ దాని పుణ్యమే.

రిచీస్ట్రీట్_పాతకాపు
ఆదివారం, మధ్యాహ్నం 12:40

బోర్డు తీసుకొని సోమవారం మా షాపుకి రా, నేనే మారుస్తా. మీ నాయన పద్యం మా అక్క పెండ్లి కార్డులో ఉందేమో ఎవరికి తెలుసు.

శుభలేఖ_చెన్నై
మంగళవారం, రాత్రి 10:48

పాతకాపు అన్న మూడూ మార్చి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు, కాఫీ కూడా ఆయనే ఇప్పించాడు.

నకలు సంగతి. టక్స్ అక్క చెప్పినట్టే చేశాను. (అక్క అనొచ్చు కదా?) మొదటి దఫా గంటలోపే అయిపోయింది, చివర్లో మొరాయించిన చోట్ల కోసం రాత్రంతా నడిచింది. 10 జీబీలో 48 కేబీ మాత్రం రాలేదు. మూడుసార్లు ప్రయత్నించినా అంతే. 48 కేబీలో ఎన్ని పద్యాలు పడతాయని నాన్న అడిగారు. చాలానే పడతాయని చెప్పలేకపోయాను.

టక్స్_బెంగళూరు
మంగళవారం, రాత్రి 11:10

అక్క అనండి, పర్లేదు.

ఆ 48 కేబీ ఏ ఫైల్లో ఉందో కనుక్కోవచ్చు, ఊహించక్కర్లేదు. డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ అని ఉంది. నకలుకి ఇంకో కాపీ తీసి, అందులో రాని చోట్లన్నిటినీ ఒక గుర్తు మాటతో నింపండి. తర్వాత ఆ కాపీని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, ఆ గుర్తు మాట ఏ ఏ ఫైళ్ళలో కనిపిస్తోందో వెతకండి. "బెండకాయ" అని పెట్టండి. నేనైతే అదే పెడతాను, విండోస్ ఫైళ్ళలో మామూలుగా ఉండదు కాబట్టి.

శుభలేఖ_చెన్నై
బుధవారం, ఉదయం 6:55

బెండకాయ దొరికింది! రెండు ఫైళ్ళు. ఒకటి ఇంటర్నెట్ టెంపరరీ ఫైల్స్‌లో ఏదో బొమ్మ. రెండోది విండోస్ ఫోల్డర్లో సిస్టమ్ కింద వీఎంఎం32 డాట్ వీఎక్స్‌డీ.

కార్డుల ఫోల్డర్లో ఒక్క బెండకాయా లేదు. నాన్నకి చెప్తే రెండో కాఫీ అడిగారు.

బ్లూస్క్రీన్_బాబాయ్
బుధవారం, ఉదయం 9:30

మల్లేశ్వరం నుంచి నమస్కారం. బ్యాంకులో ఈడీపీ (కంప్యూటర్) సెక్షన్లో చేసి రిటైరయ్యాను. 1999 డిసెంబరు 31 రాత్రి బ్రాంచిలో దుప్పటి కప్పుకుని కంప్యూటర్ల ముందు కూర్చున్న బ్యాచ్ మాది. పన్నెండు దాటింది, ఏమీ కాలేదు, పొద్దున ఇడ్లీ తిని ఇంటికెళ్ళాం.

మీ జబ్బు ఇప్పుడు తేలిపోయింది. ఆ వీఎంఎం32 అనేది విండోస్ 98కి గుండెకాయ. తెర మీద మబ్బులు కనిపిస్తుండగా లోడయ్యేది అదే. అందులో చిల్లు పడితే ప్రొటెక్షన్ ఎర్రరే వస్తుంది.

వేరే కంప్యూటర్ నుంచి ఆ ఫైల్ తెచ్చి పెడదామంటే కుదరదు. సీడీలోనూ యథాతథంగా ఉండదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సెటప్ మీ కంప్యూటర్లోని సరంజామా చూసి, కావలసిన డ్రైవర్లన్నీ కలిపి ఆ ఫైల్‌ని అప్పటికప్పుడు వండుతుంది. మీ ఇంటి పులుసు మీ ఇంట్లోనే కాయాలి. అందుకని విండోస్ మళ్ళీ ఎక్కించక తప్పదు. షాపతను చెప్పినదాంట్లో సగం నిజమే.

రెండో సగమే ప్రాణాంతకం. ఫార్మాట్ చేయొద్దు. ఉన్న విండోస్ మీదే, అదే ఫోల్డర్లోకి సెటప్ నడపండి. సిస్టమ్ ఫైళ్ళు కొత్తవి పడతాయి. రిజిస్ట్రీ, ఫాంట్లు, పేజ్‌మేకర్, తెలుగు సాఫ్ట్‌వేర్ ఎక్కడివక్కడే ఉంటాయి.

కుర్రడిస్క్
బుధవారం, ఉదయం 9:41

బాబాయ్ గారూ, పాతదాని మీద పూత పూస్తే పాత చెత్తంతా అలాగే ఉంటుంది కదా? క్లీన్ ఇన్‌స్టాల్ మంచిదని అందరూ అంటారు.

బ్లూస్క్రీన్_బాబాయ్
బుధవారం, ఉదయం 10:05

అంటారు. నేనూ వందల కంప్యూటర్లకి అదే చేశాను. అక్కడ ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ సీడీ నా టేబుల్ సొరుగులో ఉండేది. తమ్ముడి దగ్గర పేజ్‌మేకర్ సీడీ ఉందా? తెలుగు ప్యాకేజీ ఫ్లాపీలున్నాయా?

శుభలేఖ_చెన్నై
బుధవారం, ఉదయం 10:09

విండోస్ సీడీ తప్ప ఏదీ లేదు. ఫ్లాపీలు నేను చిన్నప్పుడు విప్పి లోపలి నల్ల బిళ్ళతో సూర్యగ్రహణం చూశాను. (అలా చూడకూడదని తర్వాత తెలిసింది.)

బ్లూస్క్రీన్_బాబాయ్
బుధవారం, ఉదయం 10:32

అయితే ఆ చెత్తే మన ఆస్తి.

పద్ధతి చెప్తాను. ఫ్లాపీ వద్దు, సీడీ డ్రైవూ వద్దు. నకలుని 16 జీబీ కార్డు మీదికి ఎక్కించండి. సీడీని ల్యాప్‌టాప్‌లో పెట్టి, అందులోని విన్98 ఫోల్డర్ మొత్తం కార్డు మీద కాపీ చేయండి. పెద్దదేం కాదు, 200 ఎంబీ లోపే. కార్డుని పాత కంప్యూటర్‌కి తగిలించి, ఆన్ అవుతుండగా ఎఫ్8 కొట్టి, మెనూలో "కమాండ్ ప్రాంప్ట్ ఓన్లీ" ఎంచుకోండి. అక్కడి దాకా వీఎంఎం32తో పని లేదు, కాబట్టి డాస్ (కమాండ్లు టైప్ చేసే నల్ల తెర) వస్తుంది. ఆ ఫైల్ పేరు మార్చి పక్కన పెట్టండి. స్మార్ట్‌డ్రైవ్ ఒకసారి నడపండి, అది లేకపోతే ఫైళ్ళ కాపీకి పూట పడుతుంది. అప్పుడు విన్98 ఫోల్డర్లోకి వెళ్ళి సెటప్ కొట్టండి.

సెటప్ ఒకచోట ఏ ఫోల్డర్లో వేయాలని అడుగుతుంది. ఒక్కోసారి "విండోస్ డాట్ 000" అని తనే చూపిస్తుంది. కంగారులో నెక్స్ట్ కొట్టేస్తే పక్కన ఇంకో కొత్త విండోస్ పడుతుంది, అందులో మీ పేజ్‌మేకర్ ఉండదు. "అదర్ డైరెక్టరీ" ఎంచుకుని, సీ డ్రైవులో విండోస్ అని మీరే టైప్ చేయండి.

డాస్‌లో యూఎస్‌బీ కీబోర్డ్ పనిచేయకపోవచ్చు, గుండ్రటి పిన్నుల పీఎస్2ది చూసుకోండి. ఆన్‌లో ఉండగా దాన్ని పీకి పెట్టకండి.

శుభలేఖ_చెన్నై
గురువారం, రాత్రి 9:15

స్థితి: సెటప్ మొదలైంది, స్కాన్‌డిస్క్ అయింది, కాసేపటికి తెర మధ్యలో ఎర్ర డబ్బా. బూట్ సెక్టార్ మీద ఎవరో రాస్తున్నారట, ఒప్పుకోవాలా వద్దా అని. వై కొట్టినా కదల్లేదు. వైరస్ ఉన్నట్టా?

బ్లూస్క్రీన్_బాబాయ్
గురువారం, రాత్రి 9:22

వైరస్ కాదు, కాపలావాడు. బ్యాటరీ మార్చాక బయాస్‌లో (విండోస్ కంటే ముందొచ్చే బోర్డు సెట్టింగుల్లో) డిఫాల్ట్స్ లోడ్ చేశారుగా, "వైరస్ వార్నింగ్" ఎనేబుల్ అయి ఉంటుంది. సెటప్ బూట్ సెక్టార్ రాయబోతే దాన్ని దొంగ అనుకుంటోంది. రీసెట్ కొట్టి, బయాస్‌లో అది డిసేబుల్ చేసి, మళ్ళీ మొదలెట్టండి. చెప్పడం మర్చిపోయాను, నాదే తప్పు.

శుభలేఖ_చెన్నై
గురువారం, రాత్రి 11:58

అయింది!! డాట్ 000 నిజంగానే చూపించింది బాబాయ్ గారూ, మీరు చెప్పకపోతే నెక్స్ట్ కొట్టేసేవాణ్ణి. కీ నాన్న చదువుతుంటే నేను టైప్ చేశాను. ఆయన 8 నాకు బీలా కనిపించింది, రెండుసార్లు తప్పు కొట్టాను. మూడుసార్లు రీస్టార్ట్ అయి డెస్క్‌టాప్ వచ్చింది. నాన్న పెట్టుకున్న వెంకటేశ్వరస్వామి వాల్‌పేపర్ అలాగే ఉంది!

పేజ్‌మేకర్ తెరుచుకుంది. తెలుగు ప్యాకేజీ మాత్రం "హార్డ్‌వేర్ లాక్ నాట్ ఫౌండ్" అంటోంది. ఆ డబ్బా ఇంకా దొరకలేదు. ఇల్లంతా వెతికాం.

పేజ్‌మేకర్_పంతులు
శుక్రవారం, ఉదయం 7:10

అమ్మగారిని అడిగారా?

శుభలేఖ_చెన్నై
శుక్రవారం, ఉదయం 8:40

అడగలేదండీ. అడిగాను ఇప్పుడు. "అదా, బొమ్మల పెట్టెలో ఉంది కదరా" అంది. ప్రతి ఏడాదీ కొలువులో చెట్టియార్ దుకాణం పెడతాం, దాని పక్కన ఆ డబ్బాని ఇనప్పెట్టెగా పెడుతోందట. పన్నెండేళ్ళుగా నా కళ్ళముందే ఉంది.

పోర్టుకి తగిలించాను. అయినా "నాట్ ఫౌండ్" అనే అంటోంది. పాడైపోయిందా?

పేజ్‌మేకర్_పంతులు
శుక్రవారం, ఉదయం 9:02

కొలువులో కూర్చున్నది అంత త్వరగా పాడవదు. బయాస్‌లోకి వెళ్ళి ప్యారలల్ పోర్ట్ (ప్రింటర్ పోర్టే) మోడ్ చూడండి. ఈసీపీ అని ఉంటే నార్మల్ చేయండి, కొన్ని బోర్డుల్లో ఎస్పీపీ అంటారు. ఆ పాత లాకుల్లో కొన్నింటికి ఈసీపీ పడదు. మీ నాన్నగారు 2000లో సరిచేయించుకునే ఉంటారు, బ్యాటరీ పోయినప్పుడు ఆ సెట్టింగూ పోయింది.

శుభలేఖ_చెన్నై
శుక్రవారం, ఉదయం 9:31

వచ్చింది. తెలుగు వచ్చింది. తర్వాత రాస్తాను, నాన్న మౌస్ ఇవ్వడం లేదు.

కుర్రడిస్క్
శుక్రవారం, ఉదయం 9:33

నేనిక్కడ ఆఫీసులో చప్పట్లు కొట్టాను, మేనేజర్ చూశాడు.

శుభలేఖ_చెన్నై
ఆదివారం, సాయంత్రం 5:20

రెండు రోజులుగా రాయలేకపోయాను. కార్డుల ఫోల్డర్లో నాలుగు వందల పైచిలుకు ఫైళ్ళున్నాయి. నాన్న ఒక్కొక్కటీ తెరిచి చూస్తున్నారు. "వీళ్ళు విడిపోయారు పాపం", "వీడు నాకింకా రెండొందలు బాకీ" అంటూ వ్యాఖ్యానం.

వీటిని కొత్త కంప్యూటర్లోకి తేవడం ఎలా? యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ పెడితే డ్రైవర్ అడుగుతోంది. నెట్ పెట్టమంటారా?

టక్స్_బెంగళూరు
ఆదివారం, సాయంత్రం 5:34

నెట్ వద్దు. విండోస్ 98కి 2006 జులైతోనే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు. షట్‌డౌన్ చేసి, ఫ్లాష్ కార్డుని బయటికి తీసి, కార్డ్ రీడర్లో పెట్టి ల్యాప్‌టాప్‌లో చదువుకోండి. హార్డ్ డిస్కు బదులు కార్డు పెట్టడంలో ఉన్న సుఖం అదే.

పేజ్‌మేకర్_పంతులు
ఆదివారం, సాయంత్రం 6:15

రెండు పనులు చేయండి, రెండూ కావాలి.

పెళ్ళికార్డు రూపం అలాగే ఉండాలంటే, విండోస్ 98లో ఏదైనా పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్ వేసి, పోర్టు దగ్గర "ఫైల్" అని పెట్టి ప్రింట్ ఇవ్వండి. కాగితానికి బదులు ఒక ఫైల్ వస్తుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లో ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌తో పీడీఎఫ్ చేసుకోవచ్చు. ఫాంట్లు అందులోనే ఇమిడేలా డ్రైవర్ సెట్టింగ్ చూసుకోండి.

పద్యాల పాఠం కావాలంటే పేజ్‌మేకర్ నుంచి టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. చూడ్డానికి పిచ్చి ఇంగ్లీషులా ఉంటుంది, కంగారుపడకండి. ఏ ఫాంటో దానికి తగ్గ యూనికోడ్ కన్వర్టర్లో వేస్తే తెలుగు అవుతుంది. అయ్యాక కూర్చుని చదవాలి. ముఖ్యంగా క్రారవడి. పాత ఫాంట్లలో అది హల్లుకి ముందు టైప్ అయ్యేది, యూనికోడ్‌లో తర్వాత రావాలి. కన్వర్టర్ పొరపడితే "ప్రేమ"లో ఆ క్రారవడి వెళ్ళి ముందున్న అక్షరానికి తగులుకుంటుంది. పద్యంలో అలాంటిది పడిందంటే గణాలే మారిపోతాయి, మీ నాన్నగారు ఊరుకోరు.

శుభలేఖ_చెన్నై
సోమవారం, రాత్రి 10:05

ముప్ఫై కార్డులు పీడీఎఫ్ అయ్యాయి, చక్కగా ఉన్నాయి. క్రారవడులు నాన్న ఎర్ర పెన్నుతో దిద్దుతున్నారు.

ఇందాక నేను అన్నం తింటుంటే వెనక కీబోర్డ్ టకటకలు వినిపించాయి. వెళ్ళి చూస్తే 2004 నాటి కార్డు తెరిచి, రెండో పాదంలో యతి తప్పిందని పద్యం మార్చేస్తున్నారు. పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటింది, కార్డులు పంచేశారు, ఇప్పుడెందుకు నాన్నా అంటే, "తప్పు తప్పే కదరా" అని కంట్రోల్ ఎస్ కొట్టేశారు.

టక్స్_బెంగళూరు
సోమవారం, రాత్రి 10:11

ఆ కార్డుకి నకలు ఉందా?

శుభలేఖ_చెన్నై
సోమవారం, రాత్రి 10:12

ఉందక్కా. రెండు. ఒకటి బీరువాలో, ఇంకొకటి బొమ్మల పెట్టెలో.